నిమ్మగింజ వేసే పిల్లలకు

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

పండు తిని గింజ నాటితే చెట్టవుతుందా అని మీరు అడిగే ప్రశ్నకు జవాబు పండును బట్టి మారుతుంది. బత్తాయి గింజ మొలుస్తుంది, బాగానే పెరుగుతుంది కూడా, కాని కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. అందుకే బత్తాయి రైతులు జంబేరి అనే గరుకుతొక్క నిమ్మను గాని, రంగపూర్ నిమ్మను గాని మొక్కగా పెంచి, దానికి మంచి బత్తాయి చెట్టు కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే మొగ్గను, తెచ్చి అంటు కడతారు. నిమ్మకు ఆ అవసరం పెద్దగా లేదు. గింజ మొక్క నాలుగైదేళ్లలో పూస్తుంది, కుండీలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మీరు నిమ్మతోనే మొదలుపెట్టండి.

నిమ్మ గింజలో ఒక విశేషం ఉంది. ఒక్క గింజలోంచి రెండు, మూడు మొలకలు రావచ్చు. వాటిలో పుప్పొడి కలిసి పుట్టేది ఒక్కటే. మిగతావి గింజలో ఉన్న తల్లిచెట్టు కణాల నుంచే పుడతాయి, కాబట్టి వాటికి అన్నీ తల్లి గుణాలే. నారింజ జాతి గింజల్లో ఇలా రెండు పిండాలు ఉండటాన్ని హాలండ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్ 1719లోనే గమనించి రాశాడు. పంపర పనసకు ఈ గుణం లేదు. దాని గింజకు ఒకే మొలక, అందులో తండ్రి చెట్టు పాలూ ఉంటుంది. అమ్మమ్మ వాళ్లింటి పంపర పనస ఎంత తియ్యగా ఉన్నా దాని గింజ నుంచి అదే రుచి వస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

రైతుబజారులో పసుపు తిరిగిన, బరువుగా ఉన్న కాయలు నాలుగైదు ఎంచుకోండి. కత్తి నడిమికి దించితే గింజలు తెగిపోతాయి. చుట్టూ తొక్క మందం మాత్రమే గాటు పెట్టి, రెండు చేతులతో మెలితిప్పి విడదీయండి. గింజ చుట్టూ ఉన్న జిగురు పోయేదాకా నీళ్లలో వేళ్లతో రుద్ది కడగండి. ఎండలో ఆరబెట్టొద్దు. వడ్లు, కందులు ఎండి నిలవ ఉన్నట్టు నిమ్మజాతి గింజలు ఉండవు, ఎండేకొద్దీ మొలకెత్తే శక్తి పోతుంది. కడిగిన రోజే విత్తడం మంచిది. త్వరగా మొలవాలంటే పైనున్న తెల్లటి గట్టి తొక్కను గోటితో మెల్లగా ఒలవండి. లోపల పలుచటి గోధుమరంగు పొర కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకపోయినా పర్వాలేదు. మొనదేలిన వైపు నుంచి వేరు వస్తుంది. కమలా గింజ దొరికితే అదీ ఒకటి ఒలిచి చూడండి, లోపలి పప్పు ఆకుపచ్చగా ఉంటుంది. నిమ్మది తెల్లగా ఉంటుంది.

మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరిపొట్టు కలపండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడండి. అడుగున చిల్లులున్న పాల ప్యాకెట్లు చాలు. ఒక్కో దానిలో రెండు గింజలు అర అంగుళం లోతున వేసి, నీళ్లు చిలకరించి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచండి. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. నీళ్లు ఎక్కువైతే, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో, మొలక మొదలు దగ్గర కుళ్లి ఒక్కసారిగా వాలిపోతుంది. అది నారుకుళ్లు తెగులు. మట్టి పైపొర ఆరాకే మళ్లీ నీళ్లు పోయండి.

నాలుగైదు ఆకులు వచ్చాక ఏరివేత. బలంగా, ఒకే తీరుగా ఉన్నవాటిని ఉంచండి. బక్కగా ఉన్నదాన్ని, ఆకు తీరు వేరుగా ఉన్నదాన్ని తీసేయండి, అది పుప్పొడి కలిసి పుట్టినది కావడానికే ఎక్కువ అవకాశం. ప్యాకెట్లోంచి తీసి కుండీలో నాటేటప్పుడు తల్లివేరు చూడండి. అది కొక్కెంలా వంగిపోతే ఆ మొక్కను వదిలేయండి, ఎంత పోషించినా బాగుపడదు. మొదట 12 అంగుళాల కుండీ, ఏడాదిన్నరకు 18 అంగుళాల తొట్టె. కాండం మొదలు మట్టిలోకి పూడ్చొద్దు. పైన వేసే ఆకుచెత్త కూడా కాండానికి తగలకూడదు, తగిలితే బెరడు కుళ్లి బంక కారుతుంది.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. మన ఊళ్లో సముద్రానికి దగ్గరున్న కొన్ని వీధుల్లో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. నిమ్మజాతి ఉప్పును తట్టుకోలేదు, ఆకుల అంచులు మాడతాయి. అక్కడ మున్సిపాలిటీ నీళ్లో, పట్టి పెట్టుకున్న వాననీళ్లో పోయండి. తుపాను హెచ్చరిక వస్తే పిట్టగోడ మీది కుండీలు దించేయమని పెద్దవాళ్లకు చెప్పండి, మీరు మోయొద్దు. గాలి తగ్గాక ఆకుల మీద పడ్డ ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగండి. 2014 అక్టోబరు 12న మన తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను ఎలా చేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది.

లేత ఆకు మీద పిట్టరెట్టలాంటి మచ్చ కనిపిస్తే దగ్గరగా చూడండి. అది కదిలితే నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జత బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. చిన్న మొక్కను రెండు మూడు రోజుల్లోనే మోడు చేయగలదు, కాబట్టి చేత్తో ఏరి తీసేయండి. ఇంటి దగ్గర కరివేపాకు చెట్టు ఉంటే దాని మీద వదలండి, అక్కడా తిని బతుకుతుంది. చంపనక్కర్లేదు. ఆకు మీద వెండిగీత పాములా మెలికలు తిరిగి ఉంటే ఆకు తొలిచే పురుగు. లేత చిగురు వచ్చినప్పుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం చల్లండి. ఆ పురుగు చేసిన గాయాల్లోంచే వానాకాలంలో గజ్జి తెగులు ఎక్కుతుంది. ఆకు మీద, కాయ మీద గరుకైన గోధుమరంగు పొక్కులు, చుట్టూ పసుపు వలయం కనిపిస్తే ఆ కొమ్మను పొడి రోజున కత్తిరించి పారేయండి. మందు చల్లాల్సి వస్తే పెద్దవాళ్లే చల్లాలి.

ముళ్లు పెద్దగా ఉన్నాయని, మొక్క పొడుగు పెరిగిందని ప్రతి ఏడూ పైకొమ్మలు నరకొద్దు. గింజ మొక్కకు పూసే వయసు పైకొమ్మల్లోనే ముందు వస్తుంది, నరికినకొద్దీ పూత వెనక్కి పోతుంది. ఎండినవి, లోపల ఇరుక్కున్నవి మాత్రం తీయండి. పూత వచ్చిన ఏడాది కాయలు పెసరగింజంత ఉండగానే చాలావరకు రాలిపోతాయి. మోయగలిగినన్నే చెట్టు ఉంచుకుంటుంది. శనగగింజ సైజు దాటాక కూడా రాలుతుంటే మట్టి ఒకరోజు బాగా ఎండి, మరునాడు ముద్దగా తడుస్తోందేమో చూసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య