యాప్‌కు మన అన్నం గిన్నె లెక్క నేర్పడం ఎలా?

పోషకాహార యాప్‌లో లెక్క తప్పేది సాధారణంగా మొదటి రోజే, అన్నం దగ్గరే. కంచంలో అన్నం తూస్తే 350 గ్రాములు ఉందనుకోండి. యాప్‌లో 'రైస్' అని వెతికి, పైన కనబడిన పేరు నొక్కేస్తాం. అది పచ్చి బియ్యం లెక్కయితే 1,246 కిలోకేలరీలు చూపిస్తుంది. నిజానికి ఆ అన్నంలో ఉన్నది దాదాపు 125 గ్రాముల బియ్యం, 445 కిలోకేలరీలు. ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటి బరువుకు కూడా యాప్ కేలరీలు కట్టేసింది. చద్దన్నం అయితే రాత్రి నీళ్లు పోయకముందే తూచాలి.

సరిదిద్దుకోవడం కష్టమేమీ కాదు. చాలా యాప్‌లలో సొంత వంటకం నమోదు చేసే వీలుంటుంది. ఒక చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. ముందు ఖాళీ గిన్నె తూచి రాసుకోండి. బియ్యం, పప్పు, కూరముక్కలు, నూనె వేటికవే వండకముందు బరువుతో ఎక్కించండి. వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. 500 గ్రాముల బియ్యం 1,400 గ్రాముల అన్నం అయిందంటే, మీ 350 గ్రాములు అందులో నాలుగో వంతు. ఒక్కసారి ఇలా చేసి పెట్టుకుంటే పప్పుకైనా, పులుసుకైనా మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం వంటిళ్లలో వాడే పేర్లు యాప్‌లో దొరక్కపోవచ్చు. చోళ్లకు రాగి అని, గంటెలకు సజ్జ అని వెతకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. 30 గ్రాముల పిండితో కాచిన అంబలిలో సుమారు 109 వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1,000 మిల్లీగ్రాములు. 100 గ్రాముల చోళ్లకు యాప్ చూపే కాల్షియం ఆ 364కు చాలా దూరంగా ఉంటే ఆ నమోదును నమ్మకండి.

ఫొటో తీస్తే కేలరీలు చెప్పే సదుపాయాన్ని కూరల విషయంలో నమ్మలేం. వంకాయ కూరలో ఇంకిన నూనె కెమెరాకు కనబడదు. నూనెకు అన్నిటికంటే నమ్మకమైన లెక్క ప్యాకెట్టే. 2,000 కిలోకేలరీల ఆహారానికి సంస్థ సూచించింది రోజుకు 27 గ్రాములు. లీటరు ప్యాకెట్ బరువు సుమారు 910 గ్రాములు కాబట్టి నలుగురున్న ఇంట్లో అది ఎనిమిది రోజులు రావాలి. ప్యాకెట్ కోసిన తేదీని యాప్‌లోనో క్యాలెండర్‌లోనో రాసుకోండి. ఐదు రోజులకే అయిపోతోందంటే, ఏ యాప్ చెప్పినా చెప్పకపోయినా, నూనె ఎక్కువ పడుతోంది.

బరువు సూచీ (బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) కూడా చూసుకోవాలి. కొన్ని యాప్‌లు 25 దాటితేనే అధిక బరువు అంటాయి. మనవాళ్లకు 23 నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు మూత్రపిండాల జబ్బు ఎందరినో పట్టి పీడిస్తోంది. అక్కడ ఆరోగ్యవంతుల కోసం రాసిన యాప్ సలహా నేరుగా పాటిస్తే ప్రమాదం. కొబ్బరి నీళ్లు మంచివని యాప్ అంటుంది. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఒంట్లో వాటి పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పవచ్చు. సోడియం తగ్గించిన ఉప్పులో కూడా చాలాసార్లు ఉండేది పొటాషియమే. ప్రోటీన్ విషయంలో ఒకే సలహా అందరికీ చెల్లదు. డయాలసిస్ మొదలవనివారికి సాధారణంగా తగ్గిస్తారు, డయాలసిస్ చేయించుకునేవారికి పెంచుతారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన హద్దులను చేత్తో సెట్ చేశాకే యాప్‌ను వాడండి.

ఎండు చేపలు, ఆవకాయ తినే ఇళ్లలో ఉప్పు లెక్క అందరికీ ముఖ్యం. యాప్ సోడియంనే చూపిస్తే దాన్ని 2.5తో గుణించండి, ఉప్పు వస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి.

అలవాటు 21 రోజుల్లో పడిపోతుందని ఊరించే యాప్‌లున్నాయి. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 వరకు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. అందుకని యాప్‌లో వరుస తెగిందని మానేయకండి. రోజూ నమోదు చేయడం విసుగనిపిస్తే నెలకు మూడు రోజులు చాలు, అందులో ఒకటి చేపో కోడో వండే ఆదివారం అయ్యేలా చూసుకోండి.