కారులోకి వాన నీళ్లు: సిలికాన్ గన్ పట్టే ముందు తెలియాల్సిన అపోహలు, వాస్తవాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కారు రబ్బర్లు ఎంత! నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండాకాలమంతా 40 డిగ్రీల పైన కాగిన బండి మీద మృగశిరలో మొదటి గట్టి వాన పడుతుంది. తెల్లారి చూస్తే కాళ్ల కింద మ్యాట్ తడి. వెంటనే ఎవరో ఒకరు సందులు పూడ్చే జిగురు పూసే సిలికాన్ గన్ తీస్తారు. లీకేజీ పని రెండోసారి చేయాల్సి రావడానికి ఎక్కువసార్లు ఆ గన్నే కారణం.

కారు బాడీని నీళ్లన్నీ బయటే ఆగిపోయేలా తయారు చేయరు. డోర్ లోపలికి, వైపర్ల కింద జాలిలోకి, సన్‌రూఫ్ చట్రంలోకి నీళ్లు దిగడం మామూలే. దిగినవి కిందికి పోవడానికి రంధ్రాలు, పైపులు ఉంటాయి. కాబట్టి లీకేజీ అంటే కొత్తగా చిల్లు పడటం తక్కువ, ఉన్న దారి మూసుకుపోవడం ఎక్కువ. ఆ మూసుకున్న దారి మీద ఇంకా సిలికాన్ పూస్తే నీళ్లు మరో దారి వెతుక్కుంటాయి.

అపోహ: "ఎక్కడ తడి ఉంటే అక్కడే లీకు ఉంటది."

తడి కనిపించేది నీళ్లు చివరికి ఆగిన చోట. సన్‌రూఫ్ ముందు మూలలో మొదలైన నీళ్లు ముందు పిల్లర్ (ముందు అద్దం పక్కన టాప్‌ను మోసే స్తంభం) లోపలి నుంచి జారి డ్రైవర్ కాళ్ల దగ్గర తేలతాయి. వైరింగ్ కట్ట పట్టుకుని డ్యాష్‌బోర్డ్ అవతలి కొసకూ పోతాయి. బండిని ఎత్తు మీద ముక్కు పైకి పెట్టి నిలిపితే ముందు కారినవి వెనక సీటు కింద చేరతాయి. అందుకే ముందు బండిని చదునైన చోట పెట్టండి. మ్యాట్లు తీసి, డోర్ గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు ఎత్తి చూడండి. కార్పెట్ పైన పొడిగా ఉండి కింద నురుగు నానిపోయి ఉండటం చాలా మామూలు. రేకు మీద ఎండిన మట్టి చారలు ఉంటే అవే దారి చెబుతాయి.

అపోహ: "వాటర్ సర్వీసింగ్ గన్‌తోని కొడితే లీకు ఇట్టే దొరుకుతది."

దొరుకుతుంది, లేని లీకు కూడా దొరుకుతుంది. దగ్గర నుంచి ప్రెషర్‌తో కొడితే మంచి బీడింగ్‌ను (డోర్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీని) కూడా దాటి నీళ్లు లోపలికి వస్తాయి. వాన అలా కొట్టదు. నాజిల్ లేని మామూలు తోట పైపు చాలు, ధార మెల్లగా పారాలి.

పద్ధతి ఇది. ఒకరు లోపల టార్చ్‌తో కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపు పట్టాలి. కింది నుంచి పైకి రావాలి: మొదట డోర్ కింది అంచు, తర్వాత డోర్ అద్దం దగ్గర, తర్వాత వైపర్ జాలి, ముందు అద్దం కింది అంచు, పక్కలు, చివరికి టాప్. ఒక్కో చోట కనీసం 5 నిమిషాలు, అద్దాల దగ్గర 10. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా జారి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేం. అనుమానం ఉన్న చోట లోపల టాల్కం పౌడర్ చల్లితే నీటి చుక్క గీసిన గీత తెల్లగా కనిపిస్తుంది.

ఇద్దరు లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. అద్దాలన్నీ ఎక్కించి, బయటి గాలి తీసుకునే మోడ్‌లో బ్లోయర్ ఫుల్ పెట్టి, డోర్లు మూసి, బయట అనుమానం ఉన్న సందుల్లో సబ్బు నీళ్లు బ్రష్‌తో రాయండి. గాలి బయటికి వచ్చే చోట బుడగలు లేస్తాయి. లోపలి గాలినే తిప్పే మోడ్‌లో పెడితే ఇది పనిచేయదు.

అపోహ: "డోర్ కెల్లి నీళ్లొచ్చినయంటే బీడింగ్ పోయినట్టే."

వెయ్యి, రెండు వేలు పెట్టి బీడింగ్ మార్చాక కూడా నీళ్లు వచ్చే బండ్లు ఇవే. ముందు బీడింగ్ సంగతి తేల్చుకోండి. పది రూపాయల నోటు సందులో పెట్టి డోర్ మూసి లాగండి. చుట్టూ ఒకే గట్టితనం తగలాలి. ఒక చోట ఇట్టే జారితే అక్కడ బీడింగ్ అణిగిపోయి ఉండాలి, లేదా డోర్ కిందికి వేలాడి ఉండాలి. వేలాడితే హింజ్ (డోర్ మడత బందు), లాక్ స్ట్రైకర్ (డోర్ లాక్ వచ్చి పట్టుకునే కొక్కెం) సర్దాలి. బీడింగ్ మారిస్తే లాభం లేదు.

నోటు అన్ని చోట్లా గట్టిగా పట్టిందా? అయితే డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు పలక) ఊడదీయాలి. అద్దం బయటి రబ్బరు పట్టీ వాన నీళ్లన్నిటినీ ఆపదు. కొన్ని అద్దం వెంట డోర్ లోపలికి జారి, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతాయి. లోపలి వైపు రాకుండా అడ్డుగా ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. స్పీకర్ మార్చినప్పుడో, పవర్ విండో మోటార్ పని చేసినప్పుడో దాన్ని చింపేస్తారు, మళ్లీ పెట్టేటప్పుడు సగం అతికించి వదిలేస్తారు. ఆ షీటు కింది అంచును డోర్ రేకు లోపలి గాడిలోకి దూర్చాలి. బయటికి వేలాడితే నీళ్లు నేరుగా ప్యాడ్ వెనక దిగి గడప మీద కారతాయి.

రిపేరు తేలికే. హ్యాండిల్, ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు తీసి, చుట్టూ క్లిప్పులు ప్లాస్టిక్ పట్టీతో లేపాలి. స్క్రూడ్రైవర్‌తో లేపితే క్లిప్పులు విరుగుతాయి, ముందే అయిదారు కొత్తవి కొనుక్కోండి. పాత నల్ల జిగురు తీసి, పెట్రోలు గుడ్డతో తుడిచి, బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగట రబ్బరు టేపు) చుట్టూ తెగకుండా వేయాలి. చిరుగు చిన్నదైతే పైన మందం పాలిథిన్ అతుకు సరిపోతుంది. పెద్దదైతే కొత్త షీటు కోసుకోండి. ఫెవిక్విక్, బ్రౌన్ టేపు మా ఎండలకు రెండు నెలలు కూడా నిలవవు. ప్యాడ్ బిగించే ముందే బయట అద్దం మీద లీటరు నీళ్లు మెల్లగా పోయండి. అన్నీ డోర్ అడుగు నుంచి బయటికి రావాలి.

అడుగు నుంచి రాకపోతే రంధ్రాలు మూసుకున్నాయన్న మాట. డోర్ తెరిచి మూసినప్పుడు లోపల నీళ్లు గలగలమన్నా అదే లెక్క. ఎర్రమట్టి, పత్తి నూగు, మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు తిరిగే బండ్లలో ఊక దుమ్ము కలిసి ముద్దవుతాయి. తుప్పు పట్టకుండా కొట్టించే అండర్ కోటింగ్ కూడా ఈ రంధ్రాలను మూసేస్తుంది. కోటింగ్ చేయించిన రోజే ప్లాస్టిక్ పుల్లతో అన్నీ పొడిచి చూసుకోవాలి.

అపోహ: "సన్‌రూఫ్ రబ్బరు మారిస్తే చాలు."

సన్‌రూఫ్ గ్లాస్ చుట్టూ ఉన్న రబ్బరు ఎక్కువ నీళ్లను ఆపుతుంది గానీ అన్నిటినీ కాదు. మిగిలినవి చట్రంలోని కాలువలో పడి, సాధారణంగా నాలుగు మూలల్లో ఉన్న సన్నటి పైపుల గుండా పిల్లర్ల లోపలి నుంచి కిందికి పోవాలి. గ్లాస్ తెరిచి ముందు మూలల్లో ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల నీళ్లు సిరంజితో పోయండి. కొద్ది సెకన్లలో ముందు ఫెండర్ (చక్రం పైన రేకు) వెనక, డోర్ హింజ్ ప్రాంతంలో కిందికి కారాలి. మూలలో నిలిచిపోతే పైపు మూసుకుంది.

గడ్డి కోసే మిషన్‌కు వాడే 2 మిల్లీమీటర్ల నైలాన్ దారం వ్యవసాయ పనిముట్ల షాపుల్లో దొరుకుతుంది. కొసను లైటర్‌తో గుండ్రంగా చేసి మెల్లగా తోయండి. బైండింగ్ వైరు వాడొద్దు, పైపును పొడిచేస్తుంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టడం అంతకంటే నష్టం: పైపు పై కొస ఊడిపోతే టాప్ లోపలి గుడ్డ మొత్తం దించాలి, అది ఒక రోజు పని. చాలా బండ్లలో పైపు కింది కొసకు చీలిక ఉన్న రబ్బరు మూతి ఉంటుంది, దుమ్ము గట్టిపడేది అక్కడే. దాన్ని కింది నుంచి వేళ్లతో నలిపి శుభ్రం చేయాలి.

అపోహ: "ముందు అద్దం కిందికెల్లి వస్తున్నయి, సిలికాన్ పూస్తే అయిపోతది."

ముందు వైపర్ల కింద జాలి తీసి చూడండి. వేప చెట్టు కిందో చింత చెట్టు కిందో నిలిపే బండి అయితే లోపల దోసెళ్ల కొద్దీ ఆకు కుళ్లి ఉంటుంది. అటూ ఇటూ ఉన్న నీటి దారులు మూసుకుంటే నీళ్లు గుంతలా నిలిచి, ఏసీకి బయటి గాలి తీసుకునే కంతలోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టర్, బ్లోయర్ మీదుగా ఎడమ సీటు కాళ్ల దగ్గరికి. ఫిల్టర్ తడిసి మడతలు వంగి ఉంటే ఇదే కారణమని దాదాపు ఖాయం.

వైపర్ చేతులు ఊడదీసే ముందు అద్దం మీద వాటి స్థానం టేపుతో గుర్తు పెట్టుకోండి. ఆకును చేత్తో, వ్యాక్యూమ్‌తో తీయాలి. ముందే నీళ్లు కొడితే చెత్త మరింత లోపలికి పోయి బిగుసుకుంటుంది. తర్వాత ఒక్కో పక్క లీటరు పోసి, చక్రం వెనక కారుతున్నాయో లేదో చూడండి. ఫెండర్ లోపల మట్టి పేరుకుంటే చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ కూడా తీయాల్సిందే. ఆ తడి మట్టి వల్లే హింజ్ దగ్గర రేకు తుప్పు పట్టి నిజంగా చిల్లు పడుతుంది.

నిజంగానే అద్దం అంచు నుంచి వస్తుంటే, ముఖ్యంగా అద్దం మార్చిన తర్వాత మొదలైతే, మందు పాలీయురిథేన్ (అద్దాన్ని రేకుకు అతికించే జిగురు, యురిథేన్ అనీ అంటారు). సిలికాన్ కాదు. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, గీత పడిన రేకును తినేస్తుంది. పైగా సిలికాన్ మరక ఉన్న చోట తర్వాత యురిథేన్ అంటుకోదు. సరైన పని అంటే అద్దం దించి, తుప్పు గీకి, ప్రైమర్ వేసి, కొత్త యురిథేన్ వరసను తెగకుండా వేసి మళ్లీ కూర్చోబెట్టడం. ఎన్ని గంటల తర్వాత బండి తీయొచ్చో ట్యూబు మీద రాసి ఉంటుంది. ఆ తర్వాత రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు.

అపోహ: "వానాకాలంల వచ్చేది వాన నీళ్లే."

ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది, ఏసీ నుంచి కారేది తక్కువ. వానలు మొదలై గాలిలో తేమ పెరగగానే అదే ఏసీ చాలా ఎక్కువ నీళ్లు వదులుతుంది. దాని డ్రెయిన్ పైపు దుమ్ముతో మూసుకుంటే ఆ నీళ్లు క్యాబిన్‌లోకే వస్తాయి, నింద వాన మీద పడుతుంది. తేమగా ఉన్న రోజు ఏసీ 20 నిమిషాలు వేసి బండి కిందికి వంగి చూడండి. చుక్కలు పడకపోతే పైపు శుభ్రం చేయాలి. ఇక నీళ్లు జిగటగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. డ్యాష్‌బోర్డ్ లోపల ఆ ద్రవం వేడితో గాలిని వేడి చేసే హీటర్ కోర్ కారుతోంది. దానికి వానతో సంబంధం లేదు, కూలెంట్ లెవెల్ చూడకుండా బండి నడపొద్దు.

అపోహ: "డిక్కీల నీళ్లంటే డిక్కీ రబ్బరే."

స్టెప్నీ గుంతలో నీళ్లుంటే ముందు టెయిల్ ల్యాంపుల వెనక స్పాంజి గ్యాస్కెట్ చూడండి. తర్వాత పైన మూడో బ్రేక్ లైటు, యాంటెన్నా అడుగు, టాప్ మీద రెండు పక్కలా పొడవునా ఉండే నల్ల పట్టీ కింద అతుకు. ట్యాక్సీలకు క్యారియర్ బిగించిన బోల్టులు కూడా. వెనక నుంచి గుద్దించుకుని టింకరింగ్ అయిన బండిలో అయితే బంపర్ వెనక గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల చట్రం సరిగా కూర్చుందో లేదో, కొత్త రేకు అతుకుల్లో సీమ్ సీలర్ (అతుకు సందు పూడ్చే పేస్టు) వేశారో లేదో చూడాలి. వేయకుండా పెయింట్ కొట్టేసిన పనులు చాలా కనిపిస్తాయి.

అపోహ: "కింద ఫ్లోర్ రేకుకున్న రబ్బరు బిరడా పీకేస్తే నీళ్లు వాటంతట అవే పోతయి."

పోతాయి. రోడ్డు మీద నీళ్లు, బురద, ఎలుకలు కూడా అదే దారిన లోపలికి వస్తాయి. నీళ్లు తీసేశాక బిరడా తిరిగి పెట్టండి.

అపోహ: "ఒక్క ఎండ కొడితే ఆరిపోతది."

పైన గుడ్డ ఆరుతుంది. కింద మందపాటి నురుగు లీటర్ల కొద్దీ నీళ్లు పట్టుకుని వారాల తరబడి వదలదు, ఒకటి రెండు రోజుల్లోనే బూజు వాసన మొదలవుతుంది. అద్దాలు మూసి ఎండలో పెడితే ఆ తడి ఆవిరై మళ్లీ లోపలే దిగుతుంది. సెంటు డబ్బా పెట్టడం డబ్బు దండగ.

సీట్లు దించాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినది. బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగాకే దాన్ని విప్పండి. అది విప్పి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి స్కానర్ పెట్టేదాకా పోదు. నీళ్లను వెట్ వ్యాక్యూమ్‌తో లాగి, కార్పెట్ కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తి, డోర్లు తెరిచి రెండు మూడు రోజుల ఎండ చూపించండి. టిష్యూ కాగితం నురుగు మీద గట్టిగా అదిమితే తడి అంటకూడదు. ఈలోగా సీటు కింద, డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న కనెక్టర్లు విప్పి పచ్చటి తుప్పు ఉందేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. కార్పెట్‌ను మాత్రం అప్పుడే బిగించొద్దు. పాత దినపత్రిక పరిచి, పైపుతో ఇంకోసారి అదే వరసలో పరీక్ష చేసి, కాగితం పొడిగా ఉన్నాకే సీట్లు ఎక్కించండి.