ఒక్కడే ఉంటే బుద్ధిమంతుడే

తిరుమల ఘాట్ రోడ్డులో బండి ఇంత సమయం కంటే ముందు చేరకూడదని ఒక నియమం ఉంది. తొందరగా వచ్చేస్తే జరిమానా. చిన్నప్పుడు నాకిది వింతగా ఉండేది. త్వరగా వచ్చినందుకు శిక్షా?

మా అక్క కొడుకు ఇక్కడే తిరుపతిలో డిగ్రీ ఫస్టియర్. లైసెన్సు కొత్తగా వచ్చింది. మొన్న బైకు మీద ముగ్గురెక్కి లీలామహల్ సర్కిల్ దగ్గర పోలీసులకు దొరికాడు. తిట్టబోతే, "నేనొక్కడ్నే అయితే అట్ల పోను మామా" అన్నాడు. సాకు అనుకున్నాను. కానీ సరిగ్గా ఈ సాకునే అమెరికాలో ఒకాయన ప్రయోగం పెట్టి చూశాడు.

ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1977లో పీహెచ్‌డీ చేసి, తర్వాత చాలా ఏళ్లు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. మొదట్లో ఆయన చూసింది ఇంటి సంగతులే: యుక్తవయసు వచ్చేసరికి పిల్లలకూ తల్లిదండ్రులకూ ఎందుకు పడదు, ఎలాంటి పెంపకంలో పిల్లలు బాగుపడతారు అని. పేరు మార్మోగింది మాత్రం తర్వాతి పనితో.

తోటి పరిశోధకురాలు మార్గో గార్డ్‌నర్‌తో కలిసి 2005లో ప్రచురించిన ఆ ప్రయోగం ఒక కారు వీడియో గేమ్. పచ్చ లైటు పసుపుగా మారుతుంది. ఇంకాస్త ముందుకు పోతే పాయింట్లు, ఆపడం ఆలస్యమైతే గోడకు గుద్దుకుంటుంది. మొత్తం 306 మంది ఆడారు. ఒంటరిగా ఆడినప్పుడు చిన్నా పెద్దా ఇంచుమించు ఒకటే. స్నేహితులు పక్కనుంటే 13-16 ఏళ్లవాళ్ల దూకుడు దాదాపు రెట్టింపైంది, 18-22 వాళ్లది సుమారు సగం పెరిగింది. 24, ఆ పై వయసువాళ్లలో తేడా లేదు. మావాడు మధ్య గుంపులోకి వస్తాడు.

ఆట ఆటే, నిజం రోడ్డు కాదు కదా అనొచ్చు. నాకూ ఆ అనుమానం వచ్చింది. అయితే 2011లో ఇలాంటి ఆటనే మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి ఆడించారు. స్నేహితులు వేరే గదిలోంచి చూస్తున్నారని తెలిస్తే చాలు, కుర్రవాళ్ల మెదడులో బహుమతి అందినప్పుడు మేలుకునే భాగాలు ఎక్కువగా పనిచేశాయి. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే 16 ఏళ్లకే పెద్దవాళ్లలా తర్కిస్తారు. మనసు వేడెక్కినప్పుడు పట్టుకునే కళ్లెం మాత్రం ఇరవై దాటాక గానీ బిగియదు. ఇండియాతో సహా 11 దేశాల్లో, 5,000 మందికి పైగా పరీక్షించినా ఈ తీరే మొత్తమ్మీద కనిపించింది.

ఈ వాదం కోర్టుదాకా వెళ్లింది. 18 ఏళ్లు నిండకముందు చేసిన నేరానికి మరణశిక్ష చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2005లో చెప్పిన తీర్పులో, స్టైన్‌బర్గ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఎలిజబెత్ స్కాట్‌తో కలిసి రాసిన వ్యాసాన్ని ఉదహరించింది. మన 2015 బాల నేరస్తుల చట్టం ఘోరమైన నేరాల్లో 16-18 ఏళ్లవాళ్లను పెద్దవాళ్లలా విచారించాలా అని తేల్చేటప్పుడు పర్యవసానం అర్థం చేసుకునే శక్తి ఉందా అని కూడా చూడమంటుంది. అర్థమవుతుంది, అందులో సందేహమేముంది? ఆ క్షణాన ఆగగలడా అన్నది వేరే ప్రశ్న.

అందుకే పిల్లలకిచ్చే ఉపన్యాసాల మీద స్టైన్‌బర్గ్ పెద్దగా నమ్మకం పెట్టుకోలేదు. పిల్లల మనసు మార్చడం కంటే ప్రమాదానికి అవకాశం తగ్గించడం మేలంటారు. ఘాట్ రోడ్డు జరిమానా చేసేదీ అదే, నీతులేమీ చెప్పకుండా.

మా అక్క ఇప్పుడు బైకు తాళం తన దగ్గరే పెట్టుకుంది. ఒక్కడివే పోయి రావాలని షరతు. వీధి మలుపు తిరిగాక వెనక ఎవరెక్కుతున్నారో ఇంకా కనిపెట్టలేదు.