రూమ్ ఫ్రెషనర్ పడకపోతే మానసిక జబ్బా? గొడవంతా 1993 దగ్గర తిరిగింది

ఆఫీసుకు రావాల్సిందేనన్న రూలు బిగిసినకొద్దీ బెంగళూరులో ఈ గొడవ మళ్లీ పైకొస్తోంది. మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే తెలుగువాళ్ల మధ్య ఇప్పుడు నడుస్తున్న వాదనా ఇదే. ఏసీ హాల్లో ఫ్రెషనర్ కొడితే తలనొప్పి, ఆయాసం, పెస్ట్ కంట్రోల్ చేసిన మర్నాడైతే అసలు కూర్చోలేను, ఇంటినుంచి పనిచేస్తాను అంటారు ఉద్యోగి. అది మానసికం, కౌన్సెలింగ్‌కు వెళ్లండి అంటారు హెచ్‌ఆర్ వాళ్లు. మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ, అంటే రకరకాల రసాయనాలు కొద్దిగా తగిలినా పడకపోవడం అనే ఈ సమస్య 1950ల్లో షికాగో అలర్జీ డాక్టర్ థెరాన్ రాండాల్ఫ్‌తో మొదలైన కథ చాలామంది రాశారు, వదిలేద్దాం. ‘మానసికం’ అన్న ముద్రకు బలం వచ్చింది 1993లో.

ఆ ఏడాది అమెరికాలో హెర్మన్ స్టాడెన్‌మేయర్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. రసాయనాలేవీ పడవని చెప్పే 20 మందిని ప్రత్యేక గదిలో కూర్చోబెట్టి మొత్తం 145 సార్లు పరీక్షించారు. కొన్నిసార్లు గాలిలో రసాయనం కలిపారు, కొన్నిసార్లు ఏమీ కలపలేదు. ఎప్పుడేది వదిలారో పేషెంట్లకూ తెలియదు, వాళ్లను గమనించేవాళ్లకూ తెలియదు. వాసనను బట్టి కనిపెట్టకుండా ఇంకో వాసనతో కప్పేశారు. తీరా చూస్తే ఆ 20 మందీ తేడా పట్టలేకపోయారు. రసాయనం లేనప్పుడు కూడా లక్షణాలు వచ్చాయి.

2006లో లండన్ పరిశోధకులు ఇలాంటి 37 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో ఈ సమస్య ఉందన్నవాళ్లు 784 మంది. అక్కడా అదే తేలింది. వాసన తెలిస్తే లక్షణాలు వస్తున్నాయి, వాసన దాస్తే రసాయనానికీ ఉత్త గాలికీ తేడా ఉండడం లేదు.

ఇక్కడితో ఆపేస్తే హెచ్‌ఆర్ గెలిచినట్టే. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా.

బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీలో ఒమర్ వాన్ డెన్ బెర్గ్ బృందం 1990ల్లో చేసిన ప్రయోగాలు నా లెక్కలో వీటికంటే ముఖ్యం. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న గాలిని ఒక చెడు వాసనతో కలిపి పీల్చమన్నారు. సహజంగానే ఆయాసం వచ్చింది. తర్వాత మామూలు గాలిలో ఆ వాసన ఒక్కటే కలిపితే మళ్లీ అవే లక్షణాలు వచ్చాయి, ఊపిరి తీసే తీరు కూడా మారింది. చిన్నప్పుడు బస్సులో వాంతి చేసుకున్నవాళ్లకు డీజిల్ వాసన తగిలితే చాలు, ఆగి ఉన్న బస్సులోనూ కడుపు తిప్పుతుంది చూడండి, అలాంటిదే ఇది. వాళ్లు నటిస్తున్నారని ఎవరూ అనరు. కాలుష్యం గురించి ముందే హెచ్చరిస్తే వాసనకూ లక్షణాలకూ ఈ ముడి ఇంకా తొందరగా పడుతుందని అదే బృందం తర్వాత చూపింది.

ఈ పరీక్షల తీరును ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. టెక్సస్ డాక్టర్ క్లాడియా మిల్లర్ వాదన ఏమిటంటే, రోజూ రకరకాల రసాయనాల మధ్య బతికే మనిషిని ముందు కొన్నాళ్లు శుభ్రమైన గాలిలో ఉంచకుండా పరీక్షిస్తే అసలు స్పందన బయటపడదు. పైగా కప్పడానికి వాడిన వాసనే కొందరికి పడకపోయి ఉండొచ్చు. 2021లో కెనడాలోని క్యూబెక్ ప్రజారోగ్య సంస్థ నాలుగు వేలకు పైగా వ్యాసాలు చదివి, దీర్ఘకాలపు ఆందోళనే దీనికి మూలమని తేల్చింది. పేషెంట్ల సంఘాలు మండిపడ్డాయి. నరాల్లో, రోగనిరోధక వ్యవస్థలో, హార్మోన్లలో వచ్చే మార్పులు నిజమేనని అదే నివేదికలో ఉంది. ‘అంతా మీ ఊహ’ అనేవాళ్లు మాత్రం ఆ పేజీల దాకా వెళ్లరు.

కౌన్సెలింగ్‌తో పోతుందన్న ధీమా కూడా ఎక్కువే. డెన్మార్క్‌లో మైండ్‌ఫుల్‌నెస్‌ అనే ధ్యాన సాధన నేర్పించి చూస్తే, రోజువారీ జీవితం మీద ఈ సమస్య ప్రభావం తగ్గలేదు. ఫ్రెషనర్ ఆపేయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదనుకోండి. కానీ మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ సమస్య పేరు లేదు. సీటు మార్చినా, ఇంటినుంచి పనికి ఒప్పుకున్నా ప్రస్తుతానికి మేనేజర్ మంచితనం మీదే ఆధారపడాలి.