పక్క మీద తిరగాలన్నా ప్రాణం పోతుంటే

మా చెల్లెకు ఏడో నెల. హన్మకొండలో అమ్మ దగ్గర ఉంటోంది. మొన్న రాత్రి ఎడమ పక్క నుంచి కుడి పక్కకు తిరగబోయి, సగంలోనే ఆగిపోయి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. పొత్తికడుపు కింద ఎముక దగ్గర కలుక్కుమని, నొప్పి తొడ సందులోకి దిగింది. పొద్దున ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకోలేకపోయింది.

"కడుపుతోని ఉన్నంక గట్లనే ఉంటది బిడ్డా, ఓర్సుకోవాలె" అంది అమ్మ. ప్రేమతోనే అంది. కానీ ప్రతి ఐదుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి వచ్చే ఈ నొప్పికి ఓర్చుకోవడం ఒక్కటే మార్గం కాదు.

కటి వలయం, అంటే నడుము కింద తుంటి ఎముకలు కలిసి ఏర్పడే చుట్టు, ఒకటే ఎముక కాదు. వెనక రెండు కీళ్లు, ముందు ఒకటి ఉంటాయి. ముందు కీలులో సందు మామూలుగా 4-5 మిల్లీమీటర్లు. గర్భంతో ఉన్నప్పుడు అది మరో 2-3 మిల్లీమీటర్లు పెరగడం సహజం. కీళ్లను వదులుచేసే రిలాక్సిన్ అనే హార్మోన్ ఉందని 1926లో ఫ్రెడరిక్ హిసా గినీ పందుల మీద ప్రయోగాలతో చూపాడు. దాంతో తప్పంతా రిలాక్సిన్‌దేనని చాలాకాలం అనుకున్నారు. కానీ రక్తంలో అది ఎక్కువున్న వాళ్లకే నొప్పి ఎక్కువని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. వదులైన కీళ్లను కండరాలు ఎలా పట్టి ఉంచుతున్నాయి, బరువు రెండు కాళ్ల మీద సమంగా పడుతోందా అన్నవే ముఖ్యమని ఇప్పుడు భావిస్తున్నారు.

అందుకే ఒక కాలి మీద బరువు పడినప్పుడు, కాళ్లు ఎడంగా జరిగినప్పుడు నొప్పి లేస్తుంది. బతుకమ్మ ఆటలో వంగి చప్పట్లు కొడుతూ పక్కకు వేసే అడుగును తలచుకోండి. ప్రతి అడుగుకూ బరువంతా ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. జగిత్యాల వైపు ఒళ్లో చేట పెట్టుకుని గంటలకొద్దీ నేల మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు, గొంతుక్కూర్చుని మిర్చి ఏరే వాళ్లకు లేవడమే నరకం. కడుపుతో ఉన్నవాళ్లు బీడీ పొగాకుకే దూరంగా ఉండాలి, అది వేరే సంగతి.

పక్క తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా పెట్టి, భుజాలు, నడుము, కాళ్లు ఒకేసారి తిప్పాలి. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య మెత్త పెట్టుకోవాలి. బట్టలు కూర్చునే వేసుకోవాలి. ఆటో ఎక్కేటప్పుడు మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తీసుకోవాలి. మెట్లెక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. నిండు బిందె ఎత్తొద్దు. అలాగని రోజంతా మంచం పట్టొద్దు, కండరాలు ఇంకా బలహీనపడతాయి. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు చాలామందికి మేలు చేస్తాయి. బెల్టు పెట్టుకుంటే పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీదికి రావాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మాత్రం మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవద్దు. ముఖ్యంగా 20 వారాలు దాటాక వాటివల్ల ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది.

రక్తస్రావం, నీరు పోవడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, జ్వరం, మూత్రంలో మంట, ఒక కాలే వాయడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ నొప్పితో కాలు కింద మోపలేకపోయినా డాక్టర్‌కు చూపించాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ నొప్పి బిడ్డకు హాని చేయదు, ఇదొక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. అలాంటి చోట ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పక్కకు పడుకుని కూడా కనొచ్చు. కాకపోతే నడుముకు మత్తు ఇస్తే నొప్పి తెలియక కాళ్లు హద్దు దాటి ఎడం చేసే ప్రమాదం ఉంది. అందుకని నొప్పి లేకుండా మోకాళ్లు ఎంత ఎడం అవుతాయో ముందే కొలిచి కాన్పు చేసేవాళ్లకు చెప్పాలి.

నిన్న అమ్మే తన కుట్టుమిషన్ టేపు తెచ్చి కొలిచింది. చెల్లె ఆ అంకెను ఆసుపత్రి ఫైలు అట్ట మీద పెద్దగా రాసుకుంది.