నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయినప్పుడు: అపోహలు - వాస్తవాలు

కేబుల్ సరిగ్గానే ఉంటుంది, పోర్టు దగ్గర దీపాలు వెలుగుతూనే ఉంటాయి, అయినా కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి నెట్‌వర్క్ రాదు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఈ ఫిర్యాదు మూలం వెదికితే చాలాసార్లు ఒకే చోట తేలుతుంది: సెట్టింగుల ఫైలులో నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 అని రాసి ఉంటుంది, యంత్రంలో మాత్రం ఇప్పుడు ఈఎన్‌పీ4ఎస్0 ఉంటుంది. మరమ్మతు చిన్నదే. దాని చుట్టూ పేరుకున్న అపోహల వల్లే అది పెద్దదిగా కనిపిస్తుంది.

అపోహ: కార్డు మారనంత కాలం దాని పేరు మారదు.

వాస్తవం: ఈ పేరు చాలా సందర్భాలలో కార్డును బట్టి కాక, అది అమర్చి ఉన్న చోటును బట్టి వస్తుంది. ‘ఈఎన్’ అంటే ఈథర్‌నెట్, ‘డబ్ల్యూఎల్’ అంటే వైఫై. మదర్‌బోర్డులోని పోర్టుకు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) వరుస సంఖ్య ఇస్తే ఈఎన్‌ఓ1 వంటి పేరు వస్తుంది. అది లేకపోతే స్లాటు సంఖ్యను, అదీ లేకపోతే పీసీఐ (కార్డులను మదర్‌బోర్డుకు కలిపే వ్యవస్థ) మార్గాన్ని తీసుకుంటారు. ఈఎన్‌పీ3ఎస్0లో 3 అనేది పీసీఐ బస్సు (డేటా ప్రయాణించే దారి) సంఖ్య, 0 అనేది ఆ బస్సు మీద పరికరం సంఖ్య.

చిక్కు అంతా ఆ బస్సు సంఖ్యలోనే ఉంది. అది బోర్డు మీద ముద్రించి ఉన్న అంకె కాదు; యంత్రం ఆన్ అయిన ప్రతిసారీ పరికరాలను వరుసగా లెక్కిస్తూ పోయే క్రమంలో కేటాయించే అంకె. ఖాళీగా ఉన్న ఎం.2 స్లాటుకు (చిన్న డిస్కులు అమర్చే చోటు) వెళ్లే దారిని అనేక బోర్డుల ఫర్మ్‌వేర్ పూర్తిగా దాచివేస్తుంది. అక్కడ కొత్తగా ఒక ఎన్‌వీఎంఈ డిస్కు అమర్చగానే ఆ దారి లెక్కలోకి వచ్చి, దాని తరువాత ఉన్న బస్సులన్నీ ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి. కొన్ని గ్రాఫిక్స్ కార్డులకు లోపలే పీసీఐ బ్రిడ్జిలు (ఒక బస్సును మరో బస్సుకు కలిపేవి) ఉంటాయి కాబట్టి అవి ఒకటి కాదు, రెండు మూడు బస్సు సంఖ్యలను వాడుకుంటాయి. డిస్కు పెట్టినందుకు నెట్‌వర్క్ పోయిందని ఎవరైనా చెబితే నవ్వి కొట్టిపారేయకూడదు.

పేరులో బస్సు సంఖ్య దశాంశ పద్ధతిలో ఉంటుంది, పీసీఐ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం జాబితాలో మాత్రం షోడశాంశ పద్ధతిలో (10కి బదులు ఏ అనే అక్షరం వాడే 16 ఆధారపు లెక్క) కనిపిస్తుంది. అందువల్ల జాబితాలో 0ఏ అని ఉన్న కార్డే ఈఎన్‌పీ10ఎస్0. ఈ తేడా తెలియక లేని కార్డు కోసం వెదికేవారు తరచుగా కనిపిస్తారు.

అపోహ: పాత ఈత్0 పద్ధతే స్థిరమైనది, దానికి తిరిగి వెళితే సమస్య తీరుతుంది.

వాస్తవం: ఈత్0, ఈత్1 అనే పేర్లను కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) కార్డులను కనుగొన్న వరుసలో ఇస్తుంది. డ్రైవర్లు సమాంతరంగా ప్రారంభమయ్యే యంత్రంలో ఆ వరుస ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. రెండు కార్డులు ఉన్న యంత్రంలో ఈ రోజు ఈత్0గా ఉన్నది రేపు ఈత్1 కావచ్చు. దీనిని సరిచేయడానికి ఒకప్పుడు యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే లినక్స్ సాధనం), ప్రతి కార్డు మ్యాక్ చిరునామాను (కార్డు గుర్తింపు సంఖ్య) ఒక నియమాల ఫైలులో రాసుకొని అదే పేరును మళ్లీ ఇచ్చేది. అయితే యూడెవ్ ఒక కార్డుకు ఈత్0 అని పేరు పెట్టబోయే క్షణంలోనే కెర్నల్ అదే పేరును మరో కార్డుకు ఇచ్చివేసే ప్రమాదం ఉండేది. ఆ పోటీలో ఓడిన కార్డులు రీనేమ్3 వంటి వింత పేర్లతో మిగిలిపోయేవి. వర్చువల్ యంత్రాన్ని నకలు తీస్తే, కొత్త మ్యాక్ చిరునామా కారణంగా దానిలో ఈత్0 మాయమై ఈత్1 ప్రత్యక్షమయ్యేది. ఈ ఇబ్బందుల నేపథ్యంలోనే 2013 జనవరిలో సిస్టమ్‌డీ (లినక్స్‌ను ప్రారంభించి నడిపే సాఫ్ట్‌వేర్) 197వ వెర్షన్ ప్రస్తుత పద్ధతిని తీసుకువచ్చింది.

కెర్నల్‌కు నెట్.ఇఫ్‌నేమ్స్=0 అనే ఐచ్ఛికం ఇచ్చి పాత పేర్లకు వెళ్లడం తప్పని నేను అనను. ఒకే ఈథర్‌నెట్ కార్డు ఉండి, యూఎస్‌బీ అడాప్టర్లు ఎప్పుడూ తగిలించని డెస్క్‌టాప్‌లో అది చక్కగా పనిచేస్తుంది. రెండో కార్డు చేరిన రోజున మాత్రం పాత కష్టాలన్నీ తిరిగి వస్తాయి.

అపోహ: పేరు కనబడలేదంటే కార్డు పాడైంది, లేదా వ్యవస్థను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

వాస్తవం: ముందుగా ఐపీ లింక్ ఆదేశంతో ప్రస్తుత పేర్లను చూడాలి. అక్కడ ఎల్‌ఓ (యంత్రం తనతో తాను మాట్లాడుకునే అంతర్గత ఇంటర్‌ఫేస్) ఒక్కటే ఉంటే అది పేరు సమస్యే కాదు. డ్రైవరు గానీ దానికి కావలసిన ఫర్మ్‌వేర్ గానీ లోడు కాకపోయి ఉండవచ్చు, కాబట్టి ఎల్‌ఎస్‌పీసీఐకి ‘కే’ ఐచ్ఛికం జోడించి ఆ కార్డుకు ఏ డ్రైవరు అతుక్కుందో చూడాలి. ఎల్‌ఓతో పాటు కొత్త పేరు ఏదైనా కనిపిస్తే, కెర్నల్ లాగ్‌లో ‘రీనేమ్డ్ ఫ్రమ్’ అనే మాటలు ఉన్న పంక్తిని వెదికితే ఏ పీసీఐ చిరునామాలోని కార్డు ఏ పేరు నుంచి ఏ పేరుకు మారిందో స్పష్టంగా ఉంటుంది. ఆ పేరే ఎందుకు వచ్చిందో తెలియాలంటే యూడెవ్‌ఏడీఎం సాధనంలోని నెట్_ఐడీ పరీక్షను నడపాలి. ఆ కార్డుకు సాధ్యమైన పేర్లన్నింటినీ అది చూపిస్తుంది.

అపోహ: ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి పేరు మారినా నష్టం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ సమయం తినే సందర్భం ఇదే. స్థిరమైన ఐపీ చిరునామా ఉన్న ప్రొఫైలు (నెట్‌వర్క్ సెట్టింగుల సమితి) పాత పేరుకు కట్టుబడి ఉంటే, కొత్త పేరుతో వచ్చిన కార్డుకు అది వర్తించదు. అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగులను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ సాధారణంగా తనంతట తానే డీహెచ్‌సీపీతో (రౌటరు నుంచి చిరునామాను ఆటోమేటిక్‌గా తీసుకునే పద్ధతి) ఒక కొత్త ప్రొఫైలు సృష్టిస్తుంది. బ్రౌజరు పనిచేస్తుంది, కానీ ఆ యంత్రం చిరునామా మారిపోతుంది. పాత పేరుతో రాసిన ఫైర్‌వాల్ నియమాలు ఎవరికీ చెప్పకుండానే పనిచేయడం మానేస్తాయి, వర్చువల్ యంత్రాల కోసం కట్టిన నెట్‌వర్క్ బ్రిడ్జికి (వాటిని బయటి నెట్‌వర్క్‌తో కలిపేది) పోర్టు ఉండదు. ఫైళ్ల షేరింగ్ ఆగిపోయిందని కొన్ని రోజుల తరువాత ఎవరో చెప్పే వరకు అసలు విషయం బయటపడదు.

ఇక్కడ పేరును వెనక్కి తేవడం కంటే సెట్టింగును పేరు నుంచి విడదీయడం మేలు. నెట్‌వర్క్‌మేనేజర్ ప్రొఫైలులో ఇంటర్‌ఫేస్ పేరు గడిని ఖాళీగా వదిలి, బదులుగా కార్డు మ్యాక్ చిరునామాను నమోదు చేస్తే, బస్సు సంఖ్య ఎన్నిసార్లు జరిగినా ఆ ప్రొఫైలు ఆ కార్డునే అంటిపెట్టుకుంటుంది. నెట్‌ప్లాన్ అనే సెట్టింగుల సాధనంలోనూ మ్యాక్ చిరునామాతో సరిపోల్చే వీలు ఉంది.

అపోహ: లింక్ ఫైలు రాసి సొంత పేరు పెట్టుకుంటే ఇక చూడనక్కరలేదు.

వాస్తవం: ఫైర్‌వాల్ వంటి చోట్ల పేరు తప్పనిసరి అయినప్పుడు, సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డరులో ఒక .లింక్ ఫైలు (కార్డుకు ఏ పేరు పెట్టాలో చెప్పే నియమం) రాయడమే సరైన మార్గం, కానీ దానిలో జాగ్రత్తలు ఉన్నాయి. ఈ ఫైళ్లను పేర్ల వరుసలో చదివి, సరిపోలిన మొదటిదానినే అమలు చేస్తారు కాబట్టి ఫైలు పేరు 10 వంటి చిన్న అంకెతో మొదలు కావాలి. ఈత్0 అనే పేరును మాత్రం ఎంచుకోకూడదు, ఎందుకంటే కెర్నల్‌తో పాత పోటీ మళ్లీ మొదలవుతుంది. ‘లాన్0’ వంటిది ఏదైనా సరే. బ్రిడ్జిలు, వీలాన్‌లు (ఒకే కార్డు మీద సాఫ్ట్‌వేర్ సృష్టించే వేరు నెట్‌వర్క్‌లు) తరచుగా అసలు కార్డు మ్యాక్ చిరునామానే ధరిస్తాయి కాబట్టి సరిపోల్చేటప్పుడు ‘పర్మనెంట్ మ్యాక్ అడ్రెస్’ అనే అంశాన్ని వాడాలి, లేకపోతే నియమం వాటికి కూడా అదే పేరు పెట్టబోతుంది. పేరు 15 అక్షరాలకు మించకూడదు.

ఇవన్నీ చేసినా రీబూట్ తరువాత పాత పేరే కనిపిస్తే, తొలిదశ బూటింగ్‌లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మీ కొత్త ఫైలు ఇంకా చేరలేదని అనుమానించండి. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో, ఫెడోరాలో డ్రాకట్‌తో దానిని తిరిగి నిర్మించాలి.

అపోహ: వ్యవస్థను అప్‌గ్రేడ్ చేస్తే పేర్లకు ఏమీ కాదు.

వాస్తవం: పేరు పెట్టే నియమాలకు కూడా వెర్షన్లు ఉన్నాయి, కొత్త సిస్టమ్‌డీ కొన్ని కార్డులకు వేరే పేరు ఎంచుకోవచ్చు. నెట్.నేమింగ్-స్కీమ్ అనే కెర్నల్ ఐచ్ఛికంతో పాత నియమాల వద్దే నిలబడవచ్చు. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తరువాత ఈఎన్‌పీ పేరు ఈఎన్‌ఓగా మారడం కూడా జరుగుతుంది.

అపోహ: విండోస్‌లో ఈ గొడవ ఉండదు.

వాస్తవం: ఉంటుంది, రూపం వేరు. కార్డును ఒక స్లాటు నుంచి మరో స్లాటుకు మార్చితే అది ‘ఈథర్‌నెట్ 2’గా వస్తుంది, పాతది కనిపించకుండా రిజిస్ట్రీలో మిగిలిపోతుంది. పాత ఐపీ చిరునామాను కొత్త కార్డుకు ఇవ్వబోతే, అది యంత్రంలో ఇప్పుడు లేని మరో అడాప్టరుకు ఇచ్చి ఉందని హెచ్చరిక వస్తుంది. డివైస్ మేనేజర్‌లోని వ్యూ మెనూలో దాచిన పరికరాలను చూపమని ఎంచుకుంటే ఆ పాత అడాప్టరు లేత రంగులో కనిపిస్తుంది. దానిని అన్‌ఇన్‌స్టాల్ చేసిన తరువాత చిరునామాను కొత్త కార్డుకు ఇచ్చి, పేరును కూడా తిరిగి ‘ఈథర్‌నెట్’గా మార్చుకోవచ్చు.