తాత చెయ్యి ఎందుకు విరిగిందంటే

ఆమదాలవలస

హర్షా, శ్రావణీ,

మొన్న ఫోన్‌లో "అరుగు మెట్టు మీంచి జారితేనే చెయ్యి విరిగిపోతుందా తాతా?" అని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఎడమ చేతికి కట్టు ఇంకా ఉంది, కుడిచేత్తో తీరిగ్గా రాస్తున్నాను.

గట్టి ఎముకైతే అంత తేలిగ్గా విరగదు. నిలబడ్డ మనిషి పడినంత మాత్రాన విరిగిందంటే లోపల గుల్లబారిందేమో చూడాలి. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ తీస్తే నాకు అదే తేలింది. నేనేమో ఇది ఆడవాళ్ల జబ్బనుకున్నాను. మీ నాయనమ్మకి కాల్షియం మాత్రలు తెచ్చానే గానీ నా సంగతి తలచుకోలేదు. ముట్లు ఆగాక ఆడవాళ్ల ఎముక వేగంగా తరుగుతుంది. మగవాళ్లది నెమ్మదిగా మొదలైనా 70 దాటేసరికి ఇద్దరిదీ ఒకటే దారి. తుంటి విరిగాక ఏడాదిలోపు పోయేవాళ్లు మగవాళ్లలోనే ఎక్కువ. నా విషయంలో ఇంకోటి కూడా ఉంది. ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగాను. అవి ఎముకని తినేస్తాయని నాకెవరూ చెప్పలేదు.

ఎముక రాయి కాదర్రా. పాతదాన్ని తొలిచే కణాలు, కొత్తది కట్టే కణాలు అందులో జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. మీ వయసులో కట్టేవాటిదే పైచేయి. ఒక్కసారిగా పొడవు సాగే రెండేళ్లుంటాయి చూడండి, ఆడపిల్లకి 12, 13, మగపిల్లాడికి 14 ఆ ప్రాంతంలో, పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు నాలుగో వంతు అప్పుడే చేరిపోతుంది. 30 దాటాక ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

ఎక్కడ గట్టిగా కట్టాలో ఎముకకి చెప్పేది బరువు. అంతరిక్షంలో ఒంటి బరువే తెలియదు కదా, తగిన వ్యాయామం లేకపోతే అక్కడ తుంటి ఎముక నెలకి ఒక శాతం పైనే తరుగుతుంది. మన పక్కనున్న ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 130 కిలోలు తలపైకెత్తి కాంస్యం తెచ్చింది. ఆ బరువు కండ ఒక్కటే మోయలేదు, లోపలి ఎముకా మోసింది. మీరు అంత ఎత్తక్కర్లేదు. తాడాట, తొక్కుడుబిళ్ల, చెడుగుడు చాలు. గెంతిన ప్రతిసారీ ఎముకకి కబురందుతుంది.

రోజూ రైల్వే స్టేషన్ దాకా నడుస్తున్నాను, అదే చాలనుకునేవాణ్ణి. నడక మంచిదే గానీ ఎముకకి అది అలవాటైన బరువు. ఇప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తున్నాను. కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తుతాను, గోడ పక్కనే ఒంటికాలి మీద నిలబడతాను. పడకుండా ఉండటానికి ఈ చివరిదే నాకు ముఖ్యం. నడుం వంచి బరువులెత్తొద్దని మాత్రం డాక్టరు గట్టిగా చెప్పారు.

తిండి సంగతి మీకు తెలిసిందే. రోజుకి సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 350 దాకా ఉంటుంది, అందుకే పొద్దున్నే మజ్జిగ కలిపిన చోడంబలి. మునగాకు పప్పు, నువ్వుల చిమ్మిలి, ముల్లుతో సహా నమిలే ఎండు మెత్తళ్లు కూడా మంచివే. గుడ్డు, పప్పు మానకండి, ఎముక సున్నం ఒక్కటే కాదు, అందులో మాంసకృత్తుల అల్లిక ఉంటుంది. ఎండ అంటే తెల్లవారుజాము ఎండ కాదు. విటమిన్ డి తయారయ్యేది పొద్దెక్కాక, పదింటి తర్వాత.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న మన చిన్నతాతకి ఇవేవీ చెప్పకండి. ఆయన ఏం తినాలన్నా, ఏ మాత్ర వేసుకోవాలన్నా డాక్టరే చెప్పాలి.

ఒక పని చేసిపెట్టండి. సంక్రాంతికి వచ్చేలోగా మీ నాన్నని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి, తేదీ వేసి రాసి ఉంచండి. నా పాత సర్వీసు పుస్తకంలో ఉన్నదానికంటే నేను 4 సెంటీమీటర్లు తగ్గాను. అది వెన్నుపూసలు కుంగడం వల్లనట, నొప్పి కూడా తెలియలేదు. సిగరెట్ మానమని కూడా చెప్పండి. నా మాట వినడు, శ్రావణి చెబితే వింటాడు.

మీ
తాత